అరవై నాలుగో పేరు

రాజమండ్రి,
8 జూలై 2024, సోమవారం.

ప్రభువునందు ప్రియమైన మంజుషకు, మామ్మ కరుణామణి దీవెనలు.

ఈ రోజే రాయడానికి కారణం ఉంది. నిన్న ఆరాధన అయ్యాక స్త్రీల సమాజంలో ఒకామె తన ఫోను నా ముందు పెట్టి, "టీచరుగారూ, ఈ అమ్మాయి మీ మనవరాలే కదండీ?" అంది. చూశాను. రెండు నిమిషాల పదకొండు సెకన్లు. సముద్రపు ఒడ్డున ఏదో పాలెంలో, రెండు సరుగుడు కర్రల మధ్య దుప్పటి కట్టి సినిమా వేస్తున్నారు. విలన్లు హీరో చేతులు కట్టేసి సముద్రంలోకి తోసేశారు. సినిమా అక్కడ ఆగింది. మైకు పట్టుకుని ఆ వెలుగులోకి నువ్వు వచ్చావు. "అయిపోయాడనుకున్నారా? ఇది ఇంటర్వెల్లే! ఇలాంటి ఇంటర్వెల్ మా ప్రభువుకీ వచ్చింది. మూడు రోజులు" అన్నావు. జనం ఈలలు వేశారు.

నా కుడి చెవి సంగతి నీకు తెలుసు. ఫోనులో సగం మాటలు అందవు, అందిన సగానికి కోపం వస్తుంది. అందుకే ఉత్తరం. దీనికి నకలు తీసి పెట్టుకున్నాను.

ముప్పై ఆరేళ్లు లెక్కలు చెప్పాను. సమానం గుర్తు పెట్టేముందు రెండు వైపులా చూసుకోమని ప్రతి తరగతిలోనూ చెప్పాను. సినిమా హీరోకీ ప్రభువుకీ మధ్య నువ్వు ఆ గుర్తు పెట్టేశావు. ప్రభువు పేరు చెప్పి ఈలలు వేయించుకున్నది మన ఇంట్లో నువ్వే మొదలు. మీ తాతగారు పాస్టరుగా ఉన్న రోజుల్లో ప్రార్థనలో దగ్గు వచ్చినా బయటికి వెళ్లి దగ్గి వచ్చేవాళ్లం.

చేపల మేత కంపెనీ ల్యాబులో ఉద్యోగం చేసుకుంటూ శనివారాలు సేవ చేస్తున్నానంటే సంతోషించాను. ఆ సేవ ఇదని తెలియదు. ఏం చేస్తున్నావో, ఎందుకో, ఎవరి అనుమతితోనో వివరంగా రాయి.

ఇట్లు,
మామ్మ.

తా.క. ఆ చుడీదారు మోచేతి దగ్గర చిరిగి ఉంది. కుట్టుకో.

---

భీమవరం,
14 జూలై 2024.

మామ్మా, వందనాలు.

మీ ఉత్తరం అందింది. చుడీదారు కుట్టుకున్నాను. ముందు ఆ శుభవార్త.

ఈలలు ప్రభువుకి కాదు మామ్మా, హీరోకి. ఆ వీడియో తీసినవాళ్లు అక్కడ కట్ చేశారు. తర్వాత నేను మాట్లాడిన పది నిమిషాలూ పిల్లలు కూడా కదల్లేదు. నిజంగా.

ఆ ఊరు నరసాపురం దిగువన ఉంది. అంతా వేట చేసుకునే కుటుంబాలు. నేను మొదటి రెండు నెలలు కరపత్రాలు పట్టుకుని తిరిగాను. ఎండుచేపలు కట్టుకోవడానికి పనికొస్తున్నాయని ఇంకో నాలుగు అడిగారు. కోపంతో కాదు, పాపం, మర్యాదగానే. అప్పుడు అనిపించింది, వీళ్లకి వచ్చిన భాషలో మాట్లాడాలి కదా అని. వాళ్లకి సినిమా వచ్చు. మూడేళ్ల పిల్ల కూడా డైలాగులు చెప్తుంది. అందుకే శనివారం సందెవేళ సినిమా వేస్తాను, సరైన చోట ఆపి రెండు మాటలు చెప్తాను, మళ్లీ వేస్తాను. అనుమతి ఊరి పెద్ద పల్లంరాజు గారిది. "మా దేవుళ్లని ఏమీ అనకపోతే ఏసుకో అమ్మాయ్" అన్నారు.

ఆయనతోనే నా గొడవంతా. ముందు వరసలో బీడీతో కూర్చుని అడుగుతారు: "మీ దేవుడు ఫైటు చెయ్యడా?"

"చెయ్యడండి. ఓ చెంప మీద కొడితే రెండోది చూపించమన్నాడు."

"ఆయ్! అయితే మీ సినిమా రెండో ఆట కూడా ఆడదు."

ఊరంతా నవ్వు. నేనూ నవ్వాను.

కానీ మామ్మా, ఆయన కొడుకు జానకిరామ్ పోయిన నవంబరులో వేటకెళ్లి తిరిగి రాలేదు. బోటులో నలుగురు. ఇద్దరి శవాలు కొట్టుకొచ్చాయి. జానకిరామ్ దొరకలేదు. అతని భార్య బేబీ అక్కకి ఇరవై ఆరేళ్లు, నా కన్నా రెండేళ్లే పెద్ద. హారతి అని ఐదేళ్ల పాప. ఆవిడ ఎనిమిది నెలలుగా ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదట. మీరు చూసిన ఆ సినిమా రోజున చివరిదాకా కూర్చుంది. సెకండాఫ్‌లో హీరో సముద్రంలోంచి తిరిగొచ్చి తల్లి కాళ్ల మీద పడే సీను ఉంది. అది చూసి నవ్వింది మామ్మా. వాళ్లత్త వీరవేణి గారు నా చెయ్యి పట్టుకుని, "మా కోడలు నవ్విందమ్మా, మీ దేవుడు సల్లగుండాల" అన్నారు.

ఇది తప్పంటారా?

మీ
మంజు.

---

రాజమండ్రి,
22 జూలై 2024.

ప్రియమైన మంజుషకు దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఈలల విషయంలో పొరపాటు నాది. ఒప్పుకుంటున్నాను.

1998లో సంఘ కార్యదర్శి బాధ్యత నాకు ఇచ్చినప్పటి నుంచి, కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారి రిజిస్టరు నేనే రాస్తున్నాను. పేరు, ఊరు, ఎవరి ద్వారా, ఏ తారీఖు. ఇరవై ఆరేళ్లలో అరవై మూడు పేర్లు. చివరి పేరు 2016లో రాశాను. ఆ తరువాత ఎనిమిదేళ్లుగా ప్రతి జనవరిలోనూ ఆ పుట తెరిచి, తారీఖు వేసి, "ఎవరూ లేరు" అని రాసి మూసేస్తున్నాను. మేము చెప్పవలసిన విధంగానే చెప్పాము. వినేవాళ్లు లేరు. నీ దగ్గర వినేవాళ్లు ఉన్నారు. అది నాకు కొంచెం కష్టంగా ఉంది. ఆ కష్టం నీ తప్పు కాదు.

ఎనిమిది నెలలు మాట్లాడని మనిషి నవ్విందంటే అది నీ గొప్పతనమని అనుకోవద్దు. ఆ బిడ్డను విడవకు. ఆమె చూడాలంటే ఆ సినిమా మళ్లీ వేయి. నీ దుప్పటికి నడుమ మడత ఉంది, హీరో ముఖం రెండుగా కనబడుతోంది. బస్సులో ఒక తెల్ల దుప్పటి పంపుతున్నాను. గంజి పెట్టి ఇస్త్రీ చేసినది.

ఇట్లు,
మామ్మ.

---

భీమవరం,
29 సెప్టెంబరు 2024.

మామ్మా, వందనాలు.

ఇన్ని రోజులు రాయనందుకు తిట్టకండి. ల్యాబులో పని ఎక్కువైంది.

మీ దుప్పటి మీద బొమ్మ అద్దంలా పడుతోంది. పల్లంరాజు గారు "ఇది ఏసీ హాలే" అంటున్నారు.

బేబీ అక్క చాలా మారింది. జడ వేసుకుంటోంది. మళ్లీ చేపల తట్ట ఎత్తుకుని నరసాపురం వెళ్తోంది. మట్టిగాజులు చిట్లిపోతే కొత్తవి వేయించుకుంది. ఆ సినిమా సెకండాఫ్ ఇప్పటికి నాలుగుసార్లు వేయించుకుంది. "ఆ తల్లి ఎన్నాళ్లు ఎదురుసూసిందండీ, సిస్టరుగారూ?" అని అడిగింది. సినిమాలో చెప్పలేదండి అన్నాను. ప్రార్థన చేస్తే కళ్లు మూసుకుని కూర్చుంటుంది.

ఇప్పుడు మిమ్మల్ని ఒకటి అడగాలి. ఏడాది తిరిగేలోగా జానకిరామ్‌కి కర్మ చేసేయాలని పల్లంరాజు గారి పట్టు. శవం దొరకనివాళ్లకి దర్భలతో బొమ్మ చేసి, ఒడ్డున దహనం చేసి, సముద్రంలో నీళ్లు వదులుతారట. ఆయనకి గుండె బాగోలేదు. తన చేత్తో కొడుక్కి నీళ్లు వదిలితే గాని కన్ను మూయనంటున్నారు. బేబీ అక్క ఒప్పుకోవడం లేదు. ఆవిడ కాదంటే ఆయన చెయ్యరు. "కోడల్ని ఏడిపించి నా కొడుక్కి నీళ్లిస్తే వాడికి అందవు" అంటారు.

వీరవేణి గారు మొన్న నన్ను పక్కకి పిలిచి, "నీ మాటైతే ఇంటాది, నువ్వు సెప్పమ్మా" అన్నారు. నేనేం చెప్పాలి మామ్మా? ప్రార్థనకి వస్తున్న మనిషిని దర్భబొమ్మకి దణ్ణం పెట్టమని నేనెలా చెప్పను?

మీరు ఏం రాస్తే అది చెప్తాను.

మీ
మంజు.

---

రాజమండ్రి,
5 అక్టోబరు 2024.

ప్రియమైన మంజుషకు దీవెనలు.

నీ ప్రశ్నకు జవాబు ఒక్క వాక్యంలో ఉంది. విశ్వాసి అయినవారు ఆ బొమ్మను తాకనక్కర లేదు, అక్కడ నిలబడనక్కర లేదు.

అత్తమామల ఎదుట, ఊరి ఎదుట, ఎవరి అండా లేకుండా ఆ చిన్నపిల్ల "కాదు" అనగలిగిందంటే, అరవై ఏళ్లుగా సంఘంలో ఉన్న నాకే సిగ్గుగా ఉంది. ఆమె నిలబడిన చోటి నుంచి ఆమెను కదిలించకు. ఎవరు అడిగినా కదిలించకు. ఆ పెద్దాయనకు నా నమస్కారాలు చెప్పి, కోడలి నమ్మకాన్ని గౌరవించమని నేను కోరానని చెప్పు.

నిన్న రాత్రి రిజిస్టరు తెరిచాను. 64. బేబీ, భర్త జానకిరామ్, మత్స్యకార కుటుంబం, మంజుష ద్వారా. ఎనిమిదేళ్ల తరువాత ఆ పుటలో సిరా పడింది. రేపు ఆరాధనలో పేరు చదివి స్తుతి ప్రార్థన చేయిస్తాను.

నిన్ను మొదట కోప్పడ్డాను. దానికి ఇది జవాబు అనుకో.

ఇట్లు,
సంతోషంతో,
మామ్మ.

---

భీమవరం,
19 జనవరి 2025.

మామ్మా,

మీరు నవంబరులో, క్రిస్మస్‌కి రాసిన రెండు ఉత్తరాలూ అందాయి. జవాబు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నది మీరు ఒక్కరే చదవండి. సమాజంలో చదవకండి.

పల్లంరాజు గారు పదకొండో తారీఖున పోయారు. గుండె. వల బాగుచేసుకుంటూ పక్కకి ఒరిగారట.

కొడుక్కి నీళ్లు వదల్లేదు. నా వల్లే వదల్లేదు.

మీ అక్టోబరు ఉత్తరం వాళ్ల అరుగు మీద కూర్చుని పైకి చదివాను. నాకు ధైర్యం లేక మీ మాటలు అడ్డం పెట్టుకున్నాను. పల్లంరాజు గారు చేతులు కట్టుకుని, తల వంచుకుని విన్నారు. అయ్యాక ఆ కాగితం అడిగి తీసుకున్నారు. చదువు రాదు ఆయనకి. అక్షరాల మీద వేలు పెట్టి, "పెద్ద పంతులమ్మగారు ఇంత ముచ్చటగా రాసేరు. సదువుకున్నోళ్లు. ఇంక నేనేం అంటానమ్మా" అన్నారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఏడాది తిరిగిన రోజు ఒక్కరే ఒడ్డుకి వెళ్లి కాసేపు నిలబడి వచ్చారట.

బేబీ అక్క కర్మ వద్దన్నది మీరు అనుకున్న కారణానికి కాదు మామ్మా. జానకిరామ్ చచ్చిపోలేదని ఆవిడ నమ్ముతోంది. నేనే అన్నాను కదా, అయిపోయాడనుకోకండి, ఇది ఇంటర్వెల్లే అని. ఆవిడ మన ప్రభువు దాకా రానేలేదు. సముద్రంలో పడ్డ మనిషి తిరిగొచ్చే సీను దగ్గరే ఆగిపోయింది. గాజులు ఆయన వస్తే చూస్తాడని. ప్రార్థనలో కళ్లు మూసుకున్నది ఆయన కోసం.

నాకు ఆగస్టులోనే తెలుసు. హారతి అంగన్వాడీలో పిల్లలతో "మా నాన్న సెకండాఫ్‌లో వస్తాడు" అంటోందని ఆయమ్మ చెప్పింది. ఆ వేళే వెళ్లి చెప్పాల్సింది. కానీ ఆవిడ నవ్వుతోంది మామ్మా. ఎనిమిది నెలల తర్వాత నవ్వుతున్న మనిషికి ఆ మాట ఎలా చెప్పను? పోనీ మీకు రాద్దామంటే, మీరు అంతగా ఎదురుచూస్తున్న పేరు అదొక్కటే. దర్భబొమ్మ గురించి మాత్రమే అడిగాను. మీరు ఏం జవాబిస్తారో తెలిసే అడిగాను.

నిన్న పరామర్శకి వెళ్లాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. వీరవేణి గారు కూర్చోమని పీట వేశారు. "నా మొగుడికి తల కొరివి ఎట్టడానికి కొడుకు లేడు. నా కొడుక్కి నీళ్లొదలడానికి తండ్రి లేడు. ఒకడి సేతిలో ఒకడు పోవాల్సినోళ్లు, ఎవరికాళ్లు పోయేరు" అన్నారు. నా వైపు చూసి కాదు, సముద్రం వైపు చూసి.

వచ్చేస్తుంటే బేబీ అక్క గుమ్మం దాకా వచ్చింది. మామగారి కోసం ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి. గొంతు తగ్గించి అడిగింది.

"సిస్టరుగారూ, ఇంటర్వెల్ ఎంతసేపండీ?"

నేను "వస్తానక్కా" అని వచ్చేశాను. బస్సెక్కేశాను మామ్మా.

ప్రొజెక్టర్ అమ్మేస్తాను. ఇంక ఆ ఊరు వెళ్లను. నన్ను క్షమించమని మీ దేవుణ్ణి అడగండి.

మంజుష.

---

రాజమండ్రి,
24 జనవరి 2025, శుక్రవారం.

మంజుషా,

ఉత్తరం నిన్న సాయంత్రం వచ్చింది. నేనొక్కదాన్నే చదివాను.

"మీ దేవుణ్ణి" అని రాశావు. దాని గురించి ఇప్పుడు ఏమీ అనను. అనే హక్కు ఇవాళ నాకు లేదు.

నువ్వు దాచావు. అది తప్పు. కాని గాజుల సంగతి రాశావు, నాలుగుసార్లు వేయించుకున్న సెకండాఫ్ సంగతి రాశావు, ఆ తల్లి ఎన్నాళ్లు ఎదురుచూసిందని అడిగిన సంగతి రాశావు. మూడూ నీ సెప్టెంబరు ఉత్తరంలో ఒకే పుటలో ఉన్నాయి. ఇవాళ తీసి చూశాను. ముప్పై ఆరేళ్లు పిల్లల లెక్కల్లో తప్పులు పట్టినదాన్ని, ఇచ్చిన వివరాలన్నీ కళ్ల ముందుండగా నాకు కావలసిన జవాబు రాసుకున్నాను. ఎనిమిదేళ్లుగా ఖాళీగా ఉన్న పుట నా కళ్లకు అడ్డం పడింది. ఒక ముసలి తండ్రి నా అక్షరాల మీద వేలు పెట్టి తన కొడుకును వదులుకున్నాడు. ఆయనకు చదవడం వచ్చి ఉంటే ఎదురు ప్రశ్న అడిగేవాడేమో.

నీకు ఎప్పుడూ చెప్పని ఒక విషయం రాస్తాను. మీ నాన్నకు ముందు నాకొక ఆడపిల్ల ఉండేది. 1979 ఆగస్టులో, ఆరేళ్లప్పుడు, మెదడువాపు జ్వరంతో పోయింది. మీ తాతగారు సంఘంలో "మా పాప ప్రభువునందు నిద్రించింది" అని ప్రకటించారు. మనవాళ్లంతా అలాగే అంటాం. నేను బి.ఎస్సీ. చదివినదాన్ని, బడిలో టీచరును. అయినా ఆ మాట పట్టుకున్నాను. నలభై రోజులు పక్క వేశాను, దోమతెర కట్టాను, పొద్దున్నే పాలు కాచి గ్లాసులో పోసి చల్లార్చాను. నా విశ్వాసం చూడండని మీ తాతగారు అందరికీ చెప్పారు. చివరికి మా అత్తగారు, అక్షరం ముక్క రాని మనిషి, ఆ గ్లాసు నా చేతిలోంచి తీసుకుని, "పిల్ల చచ్చిపోయిందే, కరుణా" అంది. ఆ రోజు ఏడ్చాను. ఆవిడ నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుంది. నేను దేవుణ్ణి నిజంగా నమ్మడం మొదలుపెట్టింది ఆ ఒళ్లోనే గాని, అంతకు ముందు నలభై రోజులూ కాదు.

కాబట్టి తప్పు సినిమాది అనుకోకు. మన పవిత్రమైన మాట కూడా అదే పని చేసింది. నువ్వు వాళ్లకు వచ్చిన భాషలో మాట్లాడాలనుకున్నావు, అది మంచి ఆలోచనే. కాని ప్రభువు కూడా చనిపోయిన స్నేహితుణ్ణి సమాధిలోంచి లేపేముందు ఏడ్చాడు. నువ్వు ఏడవవలసిన చోట సినిమా ఆపి, ఏడవనక్కర లేదన్నావు. నేను దానికి ఒక అంకె వేశాను.

ఆమె నిన్ను ప్రశ్న అడిగి ఆరు రోజులైంది. ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉందని నాకు అనిపిస్తోంది. ఇక జరగవలసినవి:

1. ఫిబ్రవరి 1, శనివారం, పొద్దున ఆరింటి బస్సుకు నేను బయలుదేరుతాను. నువ్వు నరసాపురం స్టాండులో ఉండాలి. రానని రాయకు. రాసినా నేను వస్తాను, అప్పుడు దారి అడుక్కుంటూ వెళ్లవలసి వస్తుంది.

2. ముందు వీరవేణి గారి దగ్గరకు. క్షమించమని నేను అడుగుతాను. "మా మామ్మకు తెలియక" అని నువ్వు మధ్యలో అందుకోకూడదు. ఆ ఉత్తరం ఇంకా వాళ్ల ఇంట్లో ఉంటే తిరిగి ఇమ్మని అడుగుతాను. ఇవ్వకపోతే ఊరుకుంటాను.

3. తరువాత బేబీ. చెప్పేది నేను. "జానకిరామ్ చనిపోయాడమ్మా" అని చెబుతాను. నిద్రించాడు, వెళ్లిపోయాడు, పైనుంచి చూస్తున్నాడు, ఇవేవీ మన నోటి నుంచి రాకూడదు. పరలోకం గురించి ఆమె అడిగితే నాకు తెలిసినంత చెబుతాను. అడగకపోతే ఆ మాట ఎత్తను.

4. మేము చెప్పింది తప్పని నువ్వూ నీ నోటితో చెప్పాలి. ఆమె కళ్లలోకి చూసి. ఆమె కొట్టినా పక్కకు తప్పుకోకు.

5. హారతికి తల్లి చెప్పుకుంటుంది. మనం చెప్పకూడదు.

6. వాళ్లు కర్మ చేయదలిస్తే వాళ్ల పద్ధతి, వాళ్ల పురోహితుడు, వాళ్ల ఒడ్డు. మనం వెనుక నిలబడతాం. విశ్వాసి అక్కడ నిలబడనక్కర లేదని నేను రాశాను. నేను నిలబడతాను.

7. ఆదివారం ఆరాధనలో అందరి ముందూ అరవై నాలుగో పేరు కొట్టివేసి, ఎందుకో చెప్పి, రిజిస్టరు వేరొకరికి అప్పగిస్తాను. నువ్వు రానక్కర లేదు.

8. శనివారం నాడు తిరుగు బస్సు ఎన్నింటికో నన్ను అడగవద్దు. బేబీ ఏడుస్తున్నంతసేపూ పక్కన కూర్చుంటాం. పొమ్మంటే లేచి, వీధి చివర కూర్చుంటాం.